ఒట్టు అడగని గది

క్రాంతికుమార్ స్తంభం మీద ఉన్నప్పుడు జేబులో ఫోన్ మోగింది. ఒకసారి కాదు, ఆగకుండా ఐదుసార్లు. ఆరోసారి తీగ వదిలేసి ఫోన్ తీశాడు.

"లైన్‌మన్ గారేనా? పర్ణశాల పోస్టాఫీసు నుంచి మాట్లాడుతున్న. పొద్దుగాల్నించి కరెంట్ లేదు."

"తెలుసు మేడం."

"తెలిస్తే ఎందుకేస్తలేరు?"

"చెట్టు విరిగి తీగ మీద పడ్డది మేడం."

"మరి ఎప్పుడొస్తది?"

"చెట్టునడిగి చెప్త."

జూలై వాన అతని హెల్మెట్ మీద టపటపా కొడుతోంది.

"మీ పేరేంది?"

"క్రాంతికుమార్."

"క్రాంతికుమార్ గారూ, ఇక్కడ గూడేల నుంచి పన్నెండు మంది ముసలోళ్ళు తడ్సుకుంట పింఛనుకొచ్చి కూసున్నరు. నా మిషన్‌ల చార్జింగ్ అయిపోయింది. ఆ చెట్టు ముచ్చటేదో మీరే వచ్చి వీళ్ళకు చెప్పుండ్రి."

ఫోన్ పెట్టేసింది. క్రాంతి తనలో తాను నవ్వుకున్నాడు. కింద తాడు పట్టుకుని నిలబడ్డ హెల్పర్ జంపయ్య తల పైకెత్తాడు.

"ఎవరన్నా?"

"పోస్టాఫీసు."

"పోస్టాఫీసు గింత నవ్విస్తదా?"

మధ్యాహ్నం రెండింటికి లైను బాగైంది. బల్బులు వెలిగాయో లేదో చూసి రావాలన్న నియమం ఎక్కడా లేదు. అయినా క్రాంతి పోస్టాఫీసు దాకా పోయాడు. ఒకే గది. బల్ల వెనక నీలం చుడీదార్ వేసుకున్న అమ్మాయి ఒక ముసలమ్మ బొటనవేలు తుడిచి మిషన్ మీద పెట్టిస్తోంది. తడిసిన జడ నుంచి రిజిస్టరు మీద చుక్కలు పడుతున్నాయి. గుమ్మంలో అతన్నీ, భుజాన ఉన్న తాడునూ చూసింది.

"చెట్టేమన్నది?"

"సారీ అన్నది మేడం."

ఆమె నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంది. అది క్రాంతి చూశాడు. తను చూసినట్టు ఆమె కూడా చూసింది.

ఆ వానాకాలంలో పర్ణశాలకు కరెంటు పోతే సంబరపడిన మనిషి క్రాంతి ఒక్కడే. సెప్టెంబరు కల్లా 'మేడం' పోయి 'తబితా' వచ్చింది. దీపావళి నాటికి 'మీరు' కూడా పోయింది. దుమ్ముగూడెంలో అతని అద్దె గది నుంచి పర్ణశాలకు ఉన్న దారిలో ఏ స్తంభం ఎంత వంగిందో అతనికి కంఠతా వచ్చేసింది.

తబితావాళ్ళది కొత్తగూడెం. తండ్రి క్రీస్తుదాసు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. పోయి ఆరేళ్ళు. ఈ ఉద్యోగం వచ్చాక తల్లి ఆరోగ్యమ్మను తీసుకుని ఇటు వచ్చేసింది. తండ్రి గురించి తబితా ఎక్కువ మాట్లాడేది కాదు. ఒక్కసారి మాత్రం, గోదావరి ఒడ్డున రాళ్ళ మీద కూర్చున్నప్పుడు చెప్పింది.

"మా నాన్న మస్తు తాగేటోడు. ఆఖరికి నా కోసం మానేసిండు తెల్సా? మానేసిన ఐదో రోజే గుండెపోటొచ్చి పోయిండు. పోతేపోయిండు, మంచిగయ్యి పోయిండు."

ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో దుఃఖంతో పాటు గర్వం కూడా ఉంది. ఆరేళ్ళుగా ఆమె ఆ గర్వం పట్టుకునే నడుస్తోందని క్రాంతికి అప్పుడు తెలియదు.

మరుసటి మే నెలలో గాలిదుమారం వచ్చి నాలుగు గూడేలకు కరెంటు పోయింది. క్రాంతి సబ్‌స్టేషన్‌లో లైను ఆపించాడు. ఆపినట్టు రాయించుకున్నాడు. స్తంభం దగ్గరికి వచ్చి, "ఎక్కు జంపయ్యా, లైన్ క్లియర్" అన్నాడు. జంపయ్య ఎక్కాడు.

ఆ లైను మీదే ఎవరో పెళ్ళికని జనరేటర్ పెట్టుకున్నారు. దాని కరెంటు ఇంటి మీటరు దాటి వెనక్కి తీగలోకి వచ్చింది.

పదకొండు గంటల ఎండలో జంపయ్య స్తంభానికే వేలాడుతూ ఉండిపోయాడు. క్రాంతి ఎక్కి తనే దింపాడు. ఎంక్వయిరీ జరిగింది. లైన్‌మన్ తప్పేమీ లేదని కాగితం ఇచ్చారు. క్రాంతి దాన్ని నాలుగు మడతలు పెట్టి పెట్టె అడుగున దాచాడు. జంపయ్య భార్య మంగ్లి ఉండే గూడెం వైపు మళ్ళీ బండి తిప్పలేదు.

మొదట నిద్ర కోసం ఒక క్వార్టర్. తర్వాత రెండు. జూన్ చివరికి పొద్దున్నే వణికే చేతులు ఆగడానికి కొంచెం. ఆ కొంచెం కూడా కొన్నాళ్ళకు క్వార్టర్ అయింది.

"ఒట్టెయ్యి" అంది తబితా.

వేశాడు. మొదటిసారి చర్చిలో, పాస్టరు గారి ముందు, బైబిలు మీద చెయ్యి పెట్టి. నాలుగు రోజులు నిలబడింది. రెండోసారి తబితా నెత్తి మీద చెయ్యి పెట్టి. తొమ్మిది రోజులు. ఒట్టు తప్పిన రోజు ఎప్పటికంటే ఎక్కువ తాగాడు. తాగిన దానికంటే ఆమె మొహం చూడాల్సి రావడమే అతనికి భయం. ఆ భయం పోగొట్టుకోవడానికి మళ్ళీ తాగాలి.

మూడో ఒట్టు జంపయ్య ఫొటో మీద వేశాడు. దాన్ని నిలబెట్టుకున్నాడు కూడా. మూడో రోజు మధ్యాహ్నం సబ్‌స్టేషన్ గేటు దగ్గర నిలువునా పడిపోయి కొట్టుకున్నాడు. నోట్లో నురుగు. తోటివాళ్ళు భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. రెండో రోజే సంతకం పెట్టి బయటికొచ్చేశాడు. వస్తుంటే డాక్టరు ఒక చీటీ రాసి ఇచ్చాడు. దాన్ని చదవకుండానే చొక్కా జేబులో కుక్కుకున్నాడు. సాయంత్రం మళ్ళీ తాగాడు. తబితాకు మాత్రం, "దవాఖానా నుంచి వచ్చినంక ముట్టలే" అని చెప్పాడు.

వారం తర్వాత ఆ చీటీ తబితా చేతిలో పడింది. 'నాగక్క, కౌన్సిలర్' అని పేరు, కింద భద్రాచలంలో చిరునామా.

"నేను గుడ వస్త. ఆమె ముందర ఒట్టేద్దువు గాని" అంది.

అదొక చిన్న ఇల్లు. ముందు కుట్టు మిషన్ల షాపు, వెనక గది నాగక్కది. మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, మూలన మంచినీళ్ళ కుండ. గోడ మీద తాగుడు గురించి భయపెట్టే బొమ్మలేవైనా ఉంటాయనుకున్నాడు క్రాంతి. క్యాలెండర్ ఒక్కటే ఉంది.

నాగక్కకు యాభై దగ్గర ఉంటాయి. చర్ల అవతల అడవిలో ఉన్న గూడెం ఆమెది. భద్రాచలంలో హాస్టల్లో ఉండి చదువుకుని, చాలా ఏళ్ళు దవాఖానాల్లో పనిచేసి ఈ పనిలోకి వచ్చింది. ముందు ఇద్దరికీ నీళ్ళిచ్చింది.

"మేడం, ఈయనతోటి మీరే ఒట్టేయించాలె. మీ మాటంటే ఇంటడేమో" అంది తబితా.

"నాకెందుకమ్మా ఒట్లు? ఈ గది చూడు, పెట్టుకుందామన్నా చోటు లేదు."

తబితా నవ్వలేదు. నాగక్క క్రాంతి వైపు తిరిగింది. "తమ్ముడూ, మన ముచ్చట్లు ఈమె వినొచ్చా? వద్దంటే బయట కూసుంటది. నీ ఇష్టం."

"ఉండనీయండి."

"సరే. నిన్న ఎంత?"

క్రాంతి తబితా వైపు చూశాడు. "ముట్టలే మేడం."

నాగక్క ముందున్న నోట్‌బుక్‌లో ఏమీ రాయలేదు. బల్ల మీద అతని చేతుల వైపు చూసి, మళ్ళీ మొహం వైపు చూసింది.

"నేను పాస్టర్‌ను కాదు, పోలీసును కాదు. మా ఊళ్ళె పండగొస్తే సారా ముందు దేవునికే పోస్తం. దాన్ని తిట్టడం నా పని గాదు. నీకు దెబ్బ తగలకుండ చూసుడే నా పని. మళ్ళా అడుగుత. నిన్న ఎంత?"

క్రాంతి కుర్చీలో ఒకసారి కదిలాడు. కుట్టు మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"మూడు క్వార్టర్లు. అందుల ఒకటి పొద్దుగాల్నే."

తబితా తల అతని వైపు తిరగడం కంటి చివర్లోంచి చూశాడు. ఆమె వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"దవాఖానా నుంచి వచ్చినప్పటి నుంచీనా?"

"అవ్."

"మంచిది, చెప్పినవ్. ఇప్పుడు ఇంకోటి చెప్పు. నీకేం కావాలె?"

నాలుగు నెలలుగా ఎవరూ అతన్ని ఆ మాట అడగలేదు. ఏం మానాలో, ఎందుకు మానాలో అందరూ చెప్పారు. జంపయ్య కావాలి అనబోయి ఆగాడు.

"పొద్దుగాల లేస్తే చేతులు వణకొద్దు" అన్నాడు చివరికి.

"ఆడికెల్లే మొదలుపెడదాం."

ఆమె చెప్పినవి చిన్న చిన్న పనులు. తాగే ముందు అన్నం తినాలి. మధ్యమధ్యలో నీళ్ళు తాగాలి. ఊరు పేరు తెలియని సారా ముట్టొద్దు. తాగితే బండి తీయొద్దు. డాక్టరు మళ్ళీ చూసి చెప్పేదాకా స్తంభం ఎక్కొద్దు. ఎంత తాగిందీ ఏ రోజుకా రోజు ఒక నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాయాలి. డాక్టరుతో మాట్లాడి, ఆయన ఇచ్చే మందులతో వారం వారం కొంచెం కొంచెం దించాలి.

"అంటే తాగమంటున్నరా?" తబితా గొంతు పెరిగింది. "దీనికా నేను సెలవు పెట్టి తీసుకొచ్చింది?"

"తాగమంటలేనమ్మా. చావొద్దంటున్న." నాగక్క గొంతు మాత్రం పెరగలేదు. "రోజూ తాగే ఒంటికి ఒక్కసారే బంద్ పెడితే అది తట్టుకోదు. ఈయనకు ఫిట్స్ అందుకే వచ్చినయ్. బంద్ చేస్తే దవాఖానల మందుల మీద చేయాలె. లేదంటే మెల్లగ దించుకుంట రావాలె. ఇంట్ల ఒట్టేసి మానినోళ్ళకు రెండో రోజో మూడో రోజో చెమటలు, వణుకు, జ్వరం. తర్వాత లేనియి కనపడ్తయి. కొంతమంది నాలుగైదు రోజులల్ల పానం ఇడుస్తరు. మనోళ్ళకు తెల్వక గుండెపోటు అనుకుంటరు."

తబితా చేతిలో గ్లాసు అలాగే ఉంది.

"లేనియి అంటే ఏం కనపడ్తయి?"

"ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. పాములు, పురుగులు. గోడల మీద చీమలు."

"చీమలు" అంది తబితా.

గ్లాసు బల్ల మీద పెట్టింది. లేచింది. బస్సు టైమైందని ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే బయటికి వెళ్ళిపోయింది. క్రాంతి వెనకాల పరిగెత్తుకుని వచ్చేసరికి ఆటో కదిలిపోయింది.

అబద్ధం చెప్పినందుకే పోయింది అనుకున్నాడు. మూడు ఒట్లు తప్పినోడి మొహం ఇంక చూడదు.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెట్టడానికి మాటలు దొరకలేదు. ఆఖరికి నోట్‌బుక్‌లో రాసినదే ఆమెకూ పంపాడు. 'ఇయ్యాల మూడు. అన్నం తిన్నంకనే.' రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

తెల్లారి కరెంటాఫీసులో ఏఈ సార్ దగ్గరికి పోయి, కొన్నాళ్ళు స్తంభాలెక్కే పని వద్దు అన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. ఆ మాట నోట్లోంచి రావడానికి టీ కొట్టు దగ్గర అరగంట నిలబడాల్సి వచ్చింది. ఆయన కోప్పడలేదు. ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే కుర్చీలో కూర్చోబెట్టాడు. స్తంభాలెక్కే మనిషికి ఆ కుర్చీ ఎంత ఇరుకో మొదటిరోజే తెలిసింది.

'ఇయ్యాల రెండున్నర.' నీలం టిక్కులు. 'ఇయ్యాల రెండున్నర. చేపల పులుసు మాడగొట్టిన.' నీలం టిక్కులు. 'ఇయ్యాల నాలుగు. సారీ.' టిక్కులు. అంతే.

తర్వాతి గురువారం నాగక్క దగ్గరికి ఒక్కడే పోయాడు.

"నాలుగు తాగిన మేడం. రాసిన కూడా."

"రాసినవ్ గదా. మంచిది. ఆ రోజేమైంది?"

"ఆమె పోయింది. ఇంక తగ్గించుకొని ఏం లాభం?"

"చేతులు వణకొద్దన్నది నువ్వా, ఆమెనా?"

అతను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. చాలాసేపటికి, అడగకుండానే, జంపయ్య సంగతి చెప్పాడు. జనరేటర్, ఎండ, కాగితం. "నేనే ఎక్కమన్న మేడం. ఎక్కు జంపయ్యా అన్న."

నీ తప్పు లేదని నాగక్క అంటుందనుకున్నాడు. అందరూ అన్నట్టే. ఆమె అనలేదు.

"ఎక్కేటప్పుడు ఆయనేమన్నడు?"

క్రాంతి గుర్తు తెచ్చుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ రోజు తలచుకుంటే తన మాట ఒక్కటే వినిపించేది. జంపయ్య మాట ఉందన్న సంగతే మరిచిపోయాడు.

"పోస్టాఫీసుకు బల్బు ఎలగాలెగా అన్నా, లేకుంటే నీకు అన్నం సయిస్తదా... అన్నడు. నవ్వుకుంట ఎక్కిండు."

ఆ గదిలో మొదటిసారి ఏడ్చాడు. నాగక్క లేచి కుండలోంచి నీళ్ళు ముంచి బల్ల మీద పెట్టి, అతను తాగేదాకా కూర్చుంది.

ఆ రోజు రెండే తాగాడు. ఎందుకో అతనికే తెలియలేదు.

పన్నెండో రోజు పొద్దున, డ్యూటీకి తయారవుతుంటే గుమ్మంలో ఆరోగ్యమ్మ కనిపించింది. దుమ్ముగూడెం దాకా ఒంటరిగా ఎప్పుడూ రాని మనిషి.

"నా బిడ్డనేమన్నవు నాయనా? అన్నం తింటలేదు. పోస్టాఫీసుకు పోతది, వస్తది, గోడ దిక్కు చూసుకుంట కూసుంటది. అడిగితే పలకదు."

"నేనేమనలేదమ్మా. నేను తాగుతనని నాతోటి మాట్లాడ్తలేదనుకున్న."

"దానికే అయితే తిట్టేది. అది ఊకుండే పిల్లనా? ఆ భద్రాచలంల ఏమైంది?"

క్రాంతి మొత్తం చెప్పాడు. నాగక్క ఏమన్నదీ, ఒక్కసారి బంద్ పెడితే ఏమవుతుందన్నదీ. చీమల మాట దగ్గరికి వచ్చేసరికి ఆరోగ్యమ్మ చెయ్యి గడప మీద ఆనింది. మెల్లగా అక్కడే కూర్చుండిపోయింది.

అప్పుడు క్రాంతికి గోదావరి ఒడ్డున తబితా చెప్పిన మాట గుర్తొచ్చింది. మానేసిన ఐదో రోజే.

"అమ్మా, ఆయన..."

"దవాఖానాల పెద్ద డాక్టర్ అప్పుడే చెప్పిండు నాకు. ఒక్కసారి మానిపిస్తిరి గనుక గిట్లయింది అని." ఆరోగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది అప్పటికి డిగ్రీ చదువుతుండె. ఒట్టేయించింది అదే. తండ్రి పోయిన దుఃఖం చాలదన్నట్టు ఇది కూడా దాని నెత్తిన ఎందుకని గుండెపోటన్న. ఆరేండ్ల నుంచి ఆ మాటే అంటున్న."

"ఇప్పుడైనా మీరు చెప్పాలె."

"తోడు రా నాయనా. ఒక్కదాన్ని చెప్పలేను."

వాళ్ళు వెళ్ళేసరికి పోస్టాఫీసులో ఎవరూ లేరు. వాన పట్టుకుంది. తబితా ఉత్తరాలకు ముద్రలు కొడుతోంది. తల్లినీ, అతన్నీ కలిపి చూసి చేతిలోని ముద్ర పక్కన పెట్టింది. పన్నెండు రోజులకే చెంపలు లోపలికి పోయాయి.

ఎవరూ అడగకముందే ఆమే చెప్పింది. క్రాంతికి కాదు, తల్లికి.

"నాన్న నాలుగో రోజు గోడ తుడుస్తుండె అమ్మా, యాదికుందా? చీమలు, చీమలు అనుకుంట. నువ్వు చర్చికి పోయినవ్. ఒక్క గుక్క తేవే బిడ్డా, ఒక్క గుక్క అన్నడు. ఒట్టేసినవ్ నాన్నా అన్న. తలుపు బయట నుంచి గడి పెట్టి కూసున్న. లోపల నుంచి కొడ్తనే ఉండె. నేను తియ్యలే. గెలిచిన అనుకున్న అమ్మా."

ఆరోగ్యమ్మ బల్ల దాటి వెళ్ళి కూతురి తల పొట్టకు అదుముకుంది.

"నాకు తెలుసు బిడ్డా. డాక్టర్ చెప్పిండు."

తబితా తల ఎత్తింది. "ఎప్పుడు?"

"ఆ రోజే."

"ఆరేండ్లు..." తల్లిని నెట్టేసింది. "ఆరేండ్లు నా ముందర గుండెపోటని అందరికీ చెప్పుకుంట తిరిగినవా? నేను మంచిగయ్యి పోయిండని చెప్పుకుంట తిరుగుతుంటే వినుకుంట కూసున్నవా?"

"అవ్. వినుకుంటనే ఉన్న." ఆరోగ్యమ్మ బల్ల పట్టుకుని నిలబడింది. "నువ్వు తెల్వక అడిగినవ్. ఆయన తెల్వక ఒట్టేసిండు. నాకు తెల్వదు, పాస్టర్‌కు తెల్వదు. తెల్సిన మనిషి ఒక్కడు ముందు దొరకలే మనకు. నేనేం చేయాలె?"

తబితా గోడ వైపు తిరిగి నిలబడింది. క్రాంతికి ఆమె భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. వేయలేదు. బల్ల ఇవతలే నిలబడి మాట్లాడాడు.

"తబితా, జంపయ్య పోయినప్పుడు నా తప్పు లేదని కాగితం ఇచ్చిండ్రు. ఆ కాగితం నాకు ఒక్కరోజు నిద్రియ్యలే. నీ తప్పు లేదని నేను చెప్తే నీకు గుడ అంతే. అందుకే చెప్తలేను."

ఆమె తిరగలేదు.

"మొన్న గురువారం జంపయ్య ముచ్చట నాగక్కకు చెప్పిన. ఆ రోజు రెండే తాగిన. చెప్పుకుంటే ఏమైతదంటే గంతే అయితది. ఇంకేం తెల్వదు నాకు."

తబితా చున్నీతో మొహం తుడుచుకుంది.

"నీ మెసేజ్‌లు అన్ని చూసిన" అంది గోడ వైపే చూస్తూ. "రోజూ అవి వచ్చే టైమ్‌కు ఫోన్ పట్టుకొని కూసునేదాన్ని. ఒట్టేసినప్పుడు నువ్వు నా దిక్కు సక్కగ చూసేటోనివి కాదు. నాలుగు తాగిన సారీ అని పెట్టినవ్ చూడు, ఆ రోజు తెల్సింది, నువ్వు నాతోటి నిజం మాట్లాడుతున్నవని. నేనే జవాబియ్యలేకపోయిన. ఏమనియ్యాలె? తగ్గించు అందునా? ఆ మాట నా నోట్ల నుంచి వస్తే మళ్ళా ఇంకొకరు పోతరేమో అని భయమైంది."

"నేను పోను అని చెప్పలేను. కానీ తగ్గిస్తున్న."

ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "నువ్వంటే నాకు పానం, క్రాంతీ. అందుకే గింత భయం."

ఏడాదిగా ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోని మాట అది. చెప్పే చోటు, చెప్పే రోజు ఇది కాదని క్రాంతికి అనిపించింది. అయినా గుండె నిండిపోయింది.

"నాకు గుడ" అన్నాడు.

ఆరోగ్యమ్మ వాన వైపు తిరిగి నిలబడింది, వాళ్ళ మాట విననట్టు.

తర్వాతి వారం నుంచి గురువారాలు ఇద్దరికీ పంచుకున్నారు. ముందు క్రాంతి, తర్వాత తబితా. ఆమె లోపల ఉన్నంతసేపూ అతను కుట్టు మిషన్ల షాపు అరుగు మీద కూర్చునేవాడు. లోపల ఏం మాట్లాడిందో అతను అడగలేదు. ఒక్కోసారి భద్రాచలం నుంచి పర్ణశాల దాకా ఒక్క మాట లేకుండా వచ్చేవాళ్ళు. తల్లితో ఆమె మళ్ళీ మాట్లాడటానికి నెల పట్టింది. మొదట మాట్లాడింది ఉప్పు ఎక్కువైందని.

అక్టోబరు చివరికి క్రాంతి రోజుకు ఒకటికి వచ్చాడు. కొన్నిరోజులు అదీ లేదు. రెండుసార్లు జారాడు. రెండుసార్లూ రాశాడు. ఒక ఆదివారం మంగ్లి గూడెం దాకా పోయి, వాకిట్లో నిలబడి, ఎందుకు రాలేకపోయాడో చెప్పాడు. ఆమె మంచం వాల్చింది. కూర్చున్నాడు.

నవంబరు రెండున సమాధుల పండుగ. కొత్తగూడెం బస్సు ముగ్గురూ ఎక్కారు. క్రీస్తుదాసు సమాధి మీద గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు పెట్టారు. చుట్టూ జనం, కొవ్వొత్తులు, పాటలు. తబితా మోకాళ్ళ మీద కూర్చుని, ఎండిన సున్నం మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంది.

"నాకు తెల్వదు నాన్నా" అంది. "తెలిస్తే తెచ్చిచ్చేదాన్ని."

క్రాంతి ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆమె ఏడుస్తుంటే ఊరుకోమనలేదు.

కొవ్వొత్తులు సగానికి వచ్చాక ఆరోగ్యమ్మ ముందుకు జరిగింది. ఇంట్లో భర్తతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఇదిగో, ఈ పిల్లగాడు క్రాంతికుమార్. కరెంట్‌ల పనిచేస్తడు. తాగుతడు. తగ్గిస్తుండు. ఎంత తాగిందీ దాపెట్టకుండ చెప్తడు. నీ బిడ్డకు ఇష్టం. నాకు గుడ ఇష్టమే. నువ్వేమంటవో మరి." కూతురి వైపు తిరిగింది. "పెండ్లి ఎప్పుడని అడుగుతుండు మీ నాన్న. వేసవి సెలవులల్ల అయితే చుట్టాలందరు వస్తరు. మేలో పెట్టుకుందామా?"

"మేలో వద్దమ్మా" అంది తబితా. "మే నెల జంపయ్య పోయిన నెల. ఆ నెల ఈయన ఎట్ల దాటుతడో నేను దగ్గరుండి చూసుకోవాలె. జూన్‌ల పెట్టు."

జంపయ్య పేరు ఆమె నోట అలా, ఇంటి మనిషి పేరులా వస్తుందని క్రాంతి అనుకోలేదు. ఆరోగ్యమ్మ సంచిలోంచి ఇంకో కొవ్వొత్తి తీసి అతనికిచ్చింది.

"నీ దోస్తు కోసం పెట్టు నాయనా" అంది. "ఈడ చోటుంది."